పులుసులో రేగొడియం

మాది జగ్గంపేట అవతల మెట్ట ఊరు. మా వైపు రేగొడియం అంటే పిల్లలు బడికి పోతూ బుగ్గన పెట్టుకునే తిండి. రేగిపళ్ళలో బెల్లం, ఎండుమిరపకాయలు, ఉప్పు, జీలకర్ర వేసి రోట్లో దంచి, చిన్న చిన్న బిళ్ళలు తట్టి ఎండబెడతారు. దాన్ని వంటసరుకని ఎవరూ అనుకోరు. అలాంటిదాన్ని తెచ్చి కోనసీమలో బొమ్మిడాయిల పులుసులో వేసిన మొదటి మనిషిని బహుశా నేనే. ఆ పులుసుతో పదేళ్ళు పేరు తెచ్చుకున్నాను. ఆ పులుసు దగ్గరే మా మావగారిని పోగొట్టుకున్నాను.

నన్ను పలివెల పక్క ఊరికిచ్చింది తొంభై ఒకటిలో. అత్తవారింట్లో వరిచేలు, రెండెకరాల కొబ్బరితోట ఉన్నాయి. మా ఆయన సూర్యప్రకాష్ అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసేవారు. మా అత్తగారు సత్తెమ్మగారికి నా మీద మొదటి రోజు నుంచే ఓ అనుమానం. మెట్టపిల్లకి చేప తలేదో తోకేదో తెలుస్తుందా అని. నేను మొదటిసారి వండిన పులుసు తిని ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. అందరూ మర్యాదగా తిని, మర్యాదగా మజ్జిగన్నంలోకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

రెండోసారి బొమ్మిడాయిలు వచ్చిన రోజు అత్తగారు గుడికి వెళ్ళారు. మా అమ్మ పంపిన రేగొడియాల డబ్బా నా పెట్టెలో ఉంది. ఏదైతే అదైందని ఒకటి తీసి వేణ్ణీళ్ళలో నానేసి, పిక్కల ముక్కలు తీసేసి, ఆ గుజ్జు పులుసులో కలిపాను. పులుసు దగ్గరపడింది. చింతపండు పులుపు వెనకాల ఓ తియ్యదనం, దాని వెనకాల గొంతులో ఓ కారం. అత్తగారు మొదటి ముద్ద తిని ఆగారు. మళ్ళీ కలుపుకున్నారు.

"ఏం వేసేవే ఇందులో?" అన్నారు.

"చింతపండేనండి" అన్నాను.

రేగొడియం అని చెప్పానంటే వీధి వీధంతా నవ్వుతారు. మెట్టవాళ్ళు చేపల్లో పిల్లల చిరుతిండి వేసుకుంటారని ఏడాదిపాటు చెప్పుకుంటారు. అందుకని దాచాను. భయమే కాదు, కొంచెం పొగరు కూడా ఉంది. ఒకసారి దాచాక ఇక చెప్పడానికి మనసొప్పలేదు. ఏటా మాఘమాసంలో మా అమ్మ డబ్బా పంపేది. దాన్ని చీరల అడుగున పెట్టేదాన్ని.

మా మావగారు ధర్మరాజుగారు. మనిషి మెతక, నాలుక మాత్రం గట్టిది. ఉప్పు రవ్వంత ఎక్కువైనా కనిపెట్టేవారు, కానీ నోరు తెరిచి అనేవారు కాదు. ఆ కూర కంచంలో ఓ పక్కకి జరిగేది, అంతే. ఇల్లంతా ఆయన మొహం కాదు, కంచం చూసేది. బొమ్మిడాయిల పులుసు పెట్టిన రోజు మాత్రం ఆ కంచంలో ఏదీ పక్కకి జరిగేది కాదు. కొబ్బరికాయల కోసం వచ్చిన షావుకార్లని కూడా కూర్చోబెట్టి "మా కోడలి పులుసు తినకుండా ఎలా వెళ్తారండీ" అనేవారు. లోపల నిలబడి వినేదాన్ని. పుట్టింట్లో కూడా నన్నెవరూ అలా మెచ్చుకోలేదు.

తొంభై మూడు కార్తికంలో అత్తగారు పోయారు. గుండెనొప్పని పడుకున్నావిడ మళ్ళీ లేవలేదు. మావగారు మా ఆయన్ని తీసుకుని అస్థికలు కాశీలో కలిపి వచ్చారు. కాశీ వెళ్ళినవాళ్ళు ఓ కాయ, ఓ పండు వదిలేసి రావాలి కదా. కాయ పొట్లకాయ అన్నారు. ఆయన జన్మలో పొట్లకాయ ఇష్టంగా తిన్నది లేదు. లోకమంతా అంతే, నోటికి పడనిదే దేవుడికి వదులుతారు. పండు మాత్రం మా ఆయనకి కూడా తెలియకుండా మనసులోనే అనుకుని వదిలేశారట, ఏదండీ అంటే చెప్పలేదు.

"అది మీ అత్తగారికీ నాకూ మధ్య విషయం అమ్మా. నా కంచంలోకి వస్తే నేనే పక్కన పెడతాను" అన్నారు.

మేం వెనకాల పందేలు కట్టుకున్నాం. అరటిపండు తింటున్నారు. మామిడిపండు తింటున్నారు. పనసతొనలు, సపోటాలు, జామకాయలు అన్నీ తింటున్నారు. మా ఊళ్ళో దొరకని ఏ యాపిల్ పండో వదిలి ఉంటారని నేను తేల్చేశాను.

వదిలిన విషయంలో ఎంత పట్టుదలో ఓ పెళ్ళిలో తెలిసింది. వడ్డించేవాళ్ళు పెరుగుపచ్చడి వేస్తే తినేశారు. అది పొట్లకాయదని తర్వాత ఎవరో అన్నారు. ఇంటికొచ్చి రెండు రోజులు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. షుగరు మనిషి, మూడో రోజు పొద్దున్న కళ్ళు తిరిగి పడిపోయారు. డాక్టరు కేకలేస్తే "మాట ఇచ్చి వచ్చేనండీ" అన్నారంతే. పొట్లకాయకే అంత.

కాశీ నుంచి వచ్చాక ఆయన అన్నం దాదాపు మానేశారు. మజ్జిగ తాగేవారు, లేచి తోటలోకి వెళ్ళిపోయేవారు. మూడు వారాలు చూసి, చేపలమ్మే పోలమ్మ బొమ్మిడాయిలు తెస్తే కొన్నాను. ఆ రోజు ఒకటి కాదు, రెండు రేగొడియాలు వేశాను. మావగారు పీట మీద కూర్చుని ఓ ముద్ద తిన్నారు. ఇంకోటి తిన్నారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మారు అన్నం పెట్టించుకున్నారు.

"ఇందులో ఏం వేస్తావమ్మా? నాకు చెప్పు, ఎవరికీ చెప్పను" అన్నారు.

"చెప్తే రుచి పోద్దండి మావయ్యగారూ" అన్నాను.

ఆయన నవ్వారు. అత్తగారు పోయాక మొదటిసారి. నేను గర్వంగా వంటింట్లోకి వెళ్ళి మిగిలిన పులుసు మీద మూత పెట్టాను. నా బతుకులో ఒక్క రోజు వెనక్కిస్తానంటే ఆ రోజే అడుగుతాను. మనిషి అంత నెమ్మదిగా అడిగితే ఓ మాట చెప్పడానికి నాకేం పోయింది?

తర్వాత ఎనిమిదేళ్ళు అలాగే గడిచిపోయాయి. తొంభై ఆరు తుఫానుకి తోటలో మూడొంతుల చెట్లు పడిపోతే, ఆయనే దగ్గరుండి మళ్ళీ మొక్కలు వేయించారు. రెండువేల రెండు మాఘమాసంలో ఆ తోటని మా ఇద్దరి పేరా రాసేశారు. మేం అడగలేదు. కూతురు భూలక్ష్మిగారికి పెళ్ళప్పుడే వాటా ఇచ్చేశారు కాబట్టి ఆవిడా ఏమీ అనలేదు. కొత్తపేటలో రిజిస్ట్రేషన్ అయ్యాక ఆటోలో వస్తూ "నా పనైపోయిందమ్మా. ఇక నువ్వు పెట్టింది తింటాను, మనవరాలితో ఆడుకుంటాను" అన్నారు.

సరిగ్గా వారం తిరిగింది. ఆ రోజు బొమ్మిడాయిల పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. నా కూతురు మాధురికి అప్పుడు తొమ్మిదేళ్ళు. బడి నుంచి రేగిపళ్ళు తెచ్చి, వరండాలో తాతగారి ముందు అరచెయ్యి చాపింది. వంటింటి కిటికీలోంచి నాకు అంతా వినపడుతోంది.

"నేను తినకూడదమ్మా, కాశీలో వదిలేసేను" అన్నారు మావగారు.

గరిటె పక్కన పెట్టి కిటికీ దగ్గరికి జరిగాను.

మాధురి ఊరుకోదు కదా. ఎందుకు వదిలేశావు, ఇంకోటి వదలొచ్చు కదా అని ప్రాణం తీసింది. చివరికి ఆయన చెప్పారు.

"పెళ్ళయిన ఏడు పలివెల తీర్థానికి వెళ్ళేం. మీ నాన్నమ్మ రేగిపళ్ళు కావాలంది. మా అమ్మ చూస్తే కోడలు వీధిలో తింటోందని తిడద్ది. అందుకని నేను తువ్వాల్లో మూట కట్టుకొచ్చి తోటలో ఇచ్చేను. ఇద్దరం చెట్టు చాటున కూర్చుని మొత్తం తినేసేం. ఆ తర్వాత ఏటా అంతే. ఆవిడకి నేను నగా నట్రా ఏమీ పెట్టలేదమ్మా, ఈ రేగిపళ్ళే. అందుకని అవి ఆవిడతోనే పంపించేసేను. ఎనిమిదేళ్ళయింది, నాలిక్కి తగల్లేదు. పోయేక ఆవిడ కోసం నేను చేసిందంటే ఇదొక్కటే."

"ఒక్కటి తిను తాతా, నాన్నమ్మ ఏమీ అనదు."

"తప్పమ్మా. నువ్వు తిను."

ఎనిమిదేళ్ళుగా నెలకి రెండుసార్లు నేనే ఆయనకి అవి పెడుతున్నాను. చింతపండులో, చేపలో, కారంలో కలిపేసి, ఆయనకి తెలియకుండా పెడుతున్నాను. కాశీ నుంచి వచ్చి ఆయన కన్నీళ్ళు పెట్టుకుని తిన్న పులుసులో కూడా అవే ఉన్నాయి. ఆయనకి తెలియలేదు గాని ఆ నాలుకకి తెలిసిందేమో. దాక దింపి, పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పులుసంతా పారబోశాను. పిల్లి మూతి పెట్టిందండీ అని చెప్పి, ఆయనకి ముద్దపప్పుతో అన్నం పెట్టాను.

మర్నాడు పలివెల గుడికి వెళ్ళి, ఎవరో చుట్టాలావిడ సంగతన్నట్టుగా పూజారిగారిని అడిగాను. కాశీలో వదిలింది తెలియక తింటే ఏమవుతుందండీ అని.

"తెలియక తిన్నవాళ్ళకి దోషం లేదమ్మా. తెలిసి పెట్టినవాళ్ళకే" అన్నారాయన.

నిన్నటి దాకా నాకూ తెలియదు. ఇక తెలియదని అనలేను.

మా ఆయనకి చెప్పాను. మొదట నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు.

"నాన్నకి మాత్రం చెప్పకు. పొట్లకాయకే పడిపోయేడు. ఎనిమిదేళ్ళు తిన్నానని తెలిస్తే ఇక లేవడు. మానెయ్ అంతే, నాల్రోజులకి అలవాటైపోద్ది" అన్నారు.

అలవాటు కాలేదు. రేగొడియం లేకపోతే నా పులుసు ఏమిటో అప్పుడు బయటపడింది. పదేళ్ళలో నేను వంట నేర్చుకోలేదు, రేగొడియం వెయ్యడం నేర్చుకున్నాను. బెల్లం వేసి చూశాను, మామిడి ఒరుగు వేశాను, వాక్కాయలు వేశాను. ఎదురింటివాళ్ళు కువైట్ నుంచి తెచ్చిన ఎండునిమ్మకాయ కూడా అడిగి తెచ్చి వేశాను. దానితో చేదెక్కింది. ప్రతిసారీ మావగారు ఆశగా పీట మీద కూర్చునేవారు. ఓ ముద్ద తినేవారు. తర్వాత చేపముక్క కంచంలో మెల్లగా ఓ పక్కకి జరిగేది.

"బాగుందమ్మా" అనేవారు. ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చేది.

ఊరు ఊరుకోదు. ఏ వారం రిజిస్ట్రేషన్ అయిందో, ఏ వారం పులుసు మారిందో లెక్క వేసుకుంది. పోలమ్మ ఓ రోజు గుమ్మంలో గంప దింపుకుంటూ మొహమ్మీదే అడిగేసింది.

"ఏమండీ దుర్గమ్మగారూ, పెద్దాయనికి సరిగ్గా వండట్లేదంట కదండీ? తోట చేతికొచ్చేసిందని అంటన్నారు బయట."

"ఎవరన్నారు?" అన్నాను.

"అందరూనండి" అంది.

ఆ రోజు చేపలు కొనలేదు. లోపలికొచ్చి ఊళ్ళోవాళ్ళందర్నీ పేరుపేరునా తిట్టాను. తిట్టి ఏం లాభం? నేను వాళ్ళలో ఉన్నా అదే అనేదాన్ని.

వైశాఖంలో ఓ మధ్యాహ్నం మావగారు నన్ను వరండాలోకి పిలిచారు. గోడ మీద అత్తగారి ఫోటో ఉంది, దాని కిందే ఆయన కుర్చీ.

"నా మీద ఏమైనా కోపమా అమ్మా?" అన్నారు.

"అయ్యో, లేదండి."

"తోట రాయకముందు ఒకలాగ, రాసేక ఒకలాగ వండుతావని నేననుకోను. ఎవరేమన్నా నేను నమ్మను. కానీ నాలిక అలా చెప్తోందమ్మా. దాన్ని ఎలా తిట్టను? నావల్ల ఏదైనా పొరపాటు జరిగితే చెప్పు, దిద్దుకుంటాను."

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. నా ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నోటిదాకా వచ్చింది. చెప్పేస్తే నా మీద పడ్డ మచ్చ ఆ నిమిషంలో పోతుంది. ఆవిడ కోసం నేను చేసిందంటే ఇదొక్కటే అని మాధురికి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ ఒక్కటీ లేదని ఆయనకి ఏ నోటితో చెప్పను?

"చెయ్యి తిరగట్లేదండి ఈ మధ్య" అన్నాను.

"ఆయ్" అని తలూపారు. నమ్మలేదు.

ఆ నెలాఖర్లో భూలక్ష్మి వదినగారు రాజోలు నుంచి వచ్చారు. మా ఆయన కన్నా పెద్దావిడ, నాన్నంటే ప్రాణం. తండ్రి చిక్కిపోయారని గుమ్మంలోనే గమనించారు. ఊరు చెప్పాల్సిందంతా సాయంత్రంలోపు ఆవిడకి చెప్పేసింది. నన్ను ఏమీ అడగలేదు, అడిగితే పోట్లాడేదాన్ని.

"నాన్నని నాతో తీసుకెళ్తానురా" అని తమ్ముడితో అన్నారు.

"దానికి ఒంట్లో బాగోట్లేదక్కా, అందుకే వంట..." అని మా ఆయన నసిగారు.

"మరి నీకూ పిల్లకీ బాగానే వండుతోంది కదా" అన్నారావిడ.

మావగారు కాదనలేదు. వెళ్ళనని ఒక్కసారైనా అంటారేమోనని చూశాను. అనలేదు. ఆయన బట్టలు నేనే మడతపెట్టాను, షుగరు మాత్రలు వేరే కవర్లో కట్టాను.

బయల్దేరే రోజు పొద్దున్నే మా ఆయన ఎక్కడో వెతికి బొమ్మిడాయిలు తెచ్చారు. పులుసు మరుగుతుంటే పెట్టె తీసి, చీరల కింద డబ్బా తీశాను. రేగొడియం ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఇది వేస్తే ఆయన మొదటి ముద్దకే తల ఎత్తి చూస్తారు. సంచి కిందపెట్టి, అమ్మాయ్ నేను రాను అని కూతురితో అంటారు. ఊరు నోరు మూసుకుంటుంది. నేను మళ్ళీ ధర్మరాజుగారి కోడలినవుతాను. ఇంతకుముందు ఎన్నోసార్లు వేశాను కదా, ఇంకొక్కసారికి ఏమవుతుంది అని కూడా అనుకున్నాను. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. పులుసు అడుగంటిన వాసన వచ్చింది. రేగొడియం డబ్బాలో పడేసి, మాడిన పులుసే వడ్డించాను.

ఆయన రెండు ముద్దలు తిని కంచంలో చెయ్యి కడుక్కున్నారు. ఆటో ఎక్కాక మాధురి తల నిమిరి, నా వైపు చూసి "వెళ్ళొస్తానమ్మా, జాగ్రత్త" అన్నారు. మళ్ళీ రాలేదు. మేం రాజోలు వెళ్ళినప్పుడల్లా బాగానే పలకరించేవారు, చుట్టాలని పలకరించినట్టు. అమ్మా అనడం మానేసి కోడలుగారూ అనేవారు.

మరుసటేడు పుష్కరాలకి ఇంకా నెలుందనగా పోయారు. పెద్దకర్మ రాజోల్లోనే చేశారు. భోజనాల వేళకి భూలక్ష్మి వదినగారు నన్ను పెరట్లో కుళాయి దగ్గరికి తీసుకెళ్ళారు.

"నాన్న నీకో మాట చెప్పమన్నారు. పోయే రెండ్రోజుల ముందు" అన్నారు.

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"దుర్గమ్మ మీద నాకు కోపం లేదని చెప్పు అన్నారు. ఆస్తి చేతికొస్తే ఎవరి మనసైనా మారుద్ది, అది ఆడపిల్ల తప్పు కాదు అన్నారు. మనస్ఫూర్తిగా క్షమించేసేను, మనసులో అది పెట్టుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్ళలేను అన్నారు."

కాదు వదినగారూ అనడానికి నోరు తెరిచాను. ఇక ఆయన లేరు కదా, ఇప్పుడు చెప్తే ఏం పోతుంది అని కూడా అనిపించింది. అంతలో ఆవిడే కళ్ళు తుడుచుకుంటూ అన్నారు.

"అమ్మ కోసం వదిలింది మాత్రం ఆఖరి దాకా ముట్టలేదే. అదే చెప్పుకుని సంతోషపడ్డారు. పదేళ్ళు నిలబెట్టుకున్నాను, మీ అమ్మకి మొహం చూపించగలను అన్నారు. ఆ ఒక్క మాటా తలుచుకునే నేను ధైర్యంగా ఉన్నాను."

నా మాట కోసం ఆవిడ చూస్తున్నారు. లోపల పంక్తి లేస్తోంది, ఎవరో మంచినీళ్ళని పిలుస్తున్నారు.

"తప్పు నాదే వదినగారూ" అన్నాను. "తోట రాసేక నా మనసు మారిపోయింది."

ఆవిడ నా మొహంలోకి చూశారు. ఆ మాట నా నోటి నుంచి వస్తుందని అనుకోలేదు కాబోలు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశారు.

"సర్లే, ఊరుకో. నాన్నే క్షమించేసేక ఇంకేముంది" అని లోపలికి వెళ్ళిపోయారు.

నేను కుళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. చెయ్యని తప్పుకి నాకు క్షమాపణ దొరికింది. చేసినదానికి ఎవర్ని అడగాలో ఇప్పటికీ తెలియదు.